చక్రం ఆగేదాకా

కాక పోయాడని శంకరన్న ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మిషన్లో పడ్డాడా?"

అడగకూడని మాటే. కానీ దూలపల్లి రోడ్డు మీది ఆ షెడ్డు సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా అదే అడుగుతారు. శంకరన్న కాకకు అల్లుడు. మామ గురించి ఏది చెప్పాల్సివచ్చినా ముందు కాస్త ఆగడం అతని అలవాటు.

"లేదు. పొద్దుగాల సద్ది తినుకుంట పోయిండు. చెయ్యి గిన్నెలనే ఉన్నది."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యే. ఎడమచేత్తోని ఎవలన్న తింటరా?"

షామీర్‌పేటలో నా షాపుకు తాళం వేసి బండి తీశాను. దారంతా దుఃఖం వస్తుందేమోనని చూశాను. దానికంటే ముందు మోసపోయినట్టు అనిపించింది. ఒక ఇనుప మిషన్ ఒక మనిషి కోసం ఇన్నేళ్లు నోరు తెరుచుకుని కూర్చుంటే, చివరికి ఆ మనిషిని పెరుగన్నం తీసుకుపోయింది. మిషన్ వైపు నుంచి చూస్తే చాలా అన్యాయం.

ఆయనకు పేరుండేది, ఓటరు కార్డు మీద. బయట దాంతో ఎవరికీ పని పడలేదు. రోడ్డు మీద ఎవరినడిగినా కాక షెడ్డు అంటే చూపించేవాళ్లు. చూపించి, "జర పైలం" అని కూడా అనేవాళ్లు.

మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి తొంభైల్లో పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు. నాన్న నన్ను ఇంజనీరును చేద్దామనుకున్నారు. నేను వెల్డర్నయ్యాను. రెండూ ఇనుముతో పనే కదా అని ఆయన్ని ఓదార్చాను. ఆయన ఓదారలేదు. గేట్లు, కిటికీ గ్రిల్సు చేసుకోవడానికి కాస్త నీడ వెతుక్కుంటూ వెళ్తే, కాక తన కట్టె కోత మిల్లులో ముందు భాగం అద్దెకిచ్చాడు. వెనక భాగంలో అది ఉంది.

అది అంటే బ్యాండ్ సా. ఆయన తండ్రి ఏదో పాత సామాను వేలంలో కొన్న పోత ఇనుము మిషన్. నా ఛాతీ ఎత్తు చక్రాలు, పైన ఒకటి, కింద ఒకటి. కింది చక్రం సగం నేలలో తవ్విన గుంతలో తిరుగుతుంది. రెండు చక్రాల మీదుగా బెల్టులాగా రంపం బ్లేడు. దుంగను నెడితే రొట్టె కోసినట్టు కోసేది. నేను చేరేనాటికి దుంగలు రావడం తగ్గిపోయింది. జీడిమెట్ల కంపెనీలకు పెట్టెలు చేసే ప్యాకింగ్ చెక్క మాత్రం కోసేవాళ్లు. సింహం చేత కొత్తిమీర కోయించినట్టుండేది.

మొదటిరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ దాని మీద చెయ్యి వేయబోయాను.

"ఆగిందా?" అన్నాడు కాక.

"ఏది బాబాయ్?"

"బాబాయ్ ఏంది పిలగా. కాక అను. చక్రం ఆగిందా?"

పొద్దున్నుంచి కరెంటే లేదు. "ఆగే ఉంది కదా కాకా."

"సూసినవా?"

ఎదురుగా వెళ్లి నిలబడి, చూసి, వచ్చి చెప్పాను. "ఆగింది. చూశాను." అప్పుడు అద్దె గురించి మాట్లాడాడు.

ఇది రోజూ సాయంత్రం జరిగే తంతు. స్విచ్ కట్టేశాక ఆయన ఇంటికి వెళ్లేవాడు కాదు. ఎడమచేతిని చక్రానికి జానెడు దూరంలో గాలిలో పెట్టి, జ్వరం చూసినట్టు చూస్తూ నిలబడేవాడు. ఆ తర్వాత ఎవరో ఒకరం చెప్పాలి. ఆగిందా? ఆగింది. సూసినవా? సూసిన. ఇందులో ఒక్క మాట తగ్గినా మొదటికి వచ్చేది.

నేను నవ్వుకున్నాను, కారణం తెలిసేదాకా. మోటారు కట్టేసినా అంత బరువు చక్రాలు వెంటనే ఆగవు. చప్పుడు మాత్రం ఆగిపోతుంది. బ్లేడు అంతే వేగంతో తిరుగుతుంటుంది కానీ పళ్లు కంటికి కనిపించవు. గోడకు అంటించిన రిబ్బన్‌లాగా, నున్నగా, నిలబడినట్టుంటుంది. కాక తండ్రి కుడిచేతి రెండు వేళ్లు, కాక ఎడమచేతి రెండు వేళ్లు మిషన్ నడుస్తుండగా పోలేదు. మిషన్ బంద్ చేశాక, పొట్టు తుడవబోయినప్పుడు పోయాయి.

ఆ తర్వాత ఆయన "ఆగిందా" అని అడగని వస్తువు లేదు. గండిమైసమ్మ చౌరస్తాలో బస్సు పూర్తిగా నిలబడేదాకా మెట్టు మీద అడుగు పెట్టేవాడు కాదు. "ఎక్కు పెద్దమనిషీ, పొద్దుగూకుతాంది" అని కండక్టర్ తిడితే, "నీ బస్సు ఆగలె. నేనెందుకు కదలాలె?" అనేవాడు. సీలింగ్ ఫ్యాన్ ఆగేదాకా మంచం మీంచి లేచేవాడు కాదని వాళ్లావిడ చెప్పేది. ఆవిడను మేం చిన్నమ్మ అని పిలిచేవాళ్లం. "కుక్కర్ కూత కూస్తే, ఆగిందా అని నన్నడుగుతడు. నీ నోరు ఆగిందా అని నేనడుగుత" అనేది.

ఎడమచెయ్యి ఎత్తి టీ కొట్టువాడికి అయిదు టీలని సైగ చేస్తే మూడే వచ్చేవి. "రెండు టీలు గది తాగింది" అనేవాడు, మిషన్ వైపు చూడకుండా. నేనొక్కడినే నవ్వేవాడిని. తర్వాత్తర్వాత నేనూ మానేశాను, ఎందుకంటే ఆయన ఆ మాట జోకుగా అనేవాడు కాదు.

గుంత సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

కోసిన పొట్టంతా మిషన్ కింది గుంతలో పడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసి, ట్రాక్టరు మీద ఇటుక బట్టీకి పంపేవాళ్లు. కానీ సగమే తీసేవాళ్లు. లోపలివైపు మూల ఎవరూ ముట్టకూడదు. తండ్రి వేళ్లు తెగిపడినప్పుడు వెతికితే దొరకలేదట. ఆ మూలలోనే పడ్డాయని, పసుపూ కుంకుమా చల్లి, పైన పొట్టు కప్పేశారు. తర్వాత కాక వేళ్లు కూడా అక్కడికే చేరాయి. అప్పట్నుంచి ఏటా దసరాకు మిషన్‌కు పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, ఆ మూలలో చెంబుడు పసుపు నీళ్లు పోసేవాళ్లు. తండ్రి కాలపు తుమ్మ పొట్టు అడుగున, దాని మీద వేప, దాని మీద టేకు, అన్నిటికంటే పైన బంక కారే ఈనాటి ప్యాకింగ్ చెక్క. ఏళ్ల తరబడి పొట్టు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. నాలుగు వేళ్లకు అంత పెద్ద సమాధి ఇంకెక్కడా ఉండదు.

"తీసేద్దాం కాకా, పురుగూ పుట్రా చేరుతుంది" అని ఒకసారి అన్నాను.

చిన్నమ్మ జవాబిచ్చింది. "పెద్దలున్నరు అండ్ల. గది ముట్టొద్దు బిడ్డా."

నలుగురు పెద్దవాళ్లు కాదు, నాలుగు వేళ్లే కదా అనబోయి ఊరుకున్నాను. మధ్యాహ్నమైనా ఆ మూల చీకటిగా ఉండేది.

ఇక శంకరన్న. కాకకు ఒక్కతే కూతురు. కొడుకులు లేని ఇళ్లలో చేసినట్టే ఇల్లుటం, అంటే ఇల్లరికం అల్లుణ్ని తెచ్చుకున్నాడు. మామూలు పెళ్లిలో పిల్లను అప్పగిస్తారు. ఇక్కడ పిల్లాణ్ని అప్పగించారు. శంకరన్న తల్లి అతని రెండు చేతులూ తెచ్చి కాక చేతుల్లో పెట్టి, "నా కొడుకు చేతులు నీ చేతుల పెడుతున్న అన్నా" అందట. ఆమె మామూలుగానే అన్నది. కాక మాత్రం ఆ చేతులకేసి చూసి, పెళ్లి పందిట్లోనే చెమటలు పట్టి కూర్చుండిపోయాడట. చిన్నమ్మ ఈ ముచ్చట నాకు చెప్పింది కానీ శంకరన్నకు చెప్పలేదు.

"గా రాత్రే అన్నడు నాతోని. పది వేళ్లతోని అప్పజెప్పింది, పది వేళ్లతోనే ఉండాలె. మా నాయినది వడ్డది, నాది వడ్డది, ఇగ పిలగానిది అడుగుతది గది, అన్నడు."

అందుకని అల్లుణ్ని మిషన్ దగ్గరకు రానిచ్చేవాడు కాదు. మిల్లు నడపడానికి తెచ్చుకున్న అల్లుడు పెట్టెలకు మేకులు కొడుతూ కూర్చునేవాడు. "సుత్తె దెబ్బ తాకితే వేలు వాస్తది. ఉంటది" అనేవాడు కాక. శంకరన్నకు ఆ మాట వెనక ఉన్నది తెలియదు. తనను నమ్మడం లేదనుకునేవాడు. నా దగ్గరకొచ్చి బీడీ వెలిగించి, "ఇల్లుటం వచ్చినోడంటే పాలేరు గాదు గదా తమ్మీ. స్విచ్ వెయ్యనీయడు. నేను స్విచ్ ఎత్తుకపోతనా?" అనేవాడు.

ఒక ఇంట్లో ఒకాయన ఒకరి వేళ్ల కోసం భయపడి చస్తుంటే, ఆ వేళ్ల యజమాని దాన్ని అవమానంగా లెక్కేసుకుంటున్నాడు. మధ్యలో నేను గేట్లకు పువ్వులు వెల్డింగ్ చేస్తున్నాను.

మేడ్చల్ నుంచి ఒక ఫర్నిచర్ షాపాయన మిషన్ కొనడానికి వచ్చాడు. కాక ఆయనకు టీ తెప్పించి, అడిగాడు.

"నీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు కొడుకులు."

"షాపుల కూసుంటరా?"

"కూసుంటరు మరి. నాకెవలున్నరు?"

"అయితే ఇయ్య. టీ తాగి పో."

ఆయన టీ వదిలేసి పోయాడు. అమ్మడం ఇష్టం లేకపోతే తుక్కుకు వేసేయమన్నాను. కాక నన్ను చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూశాడు. "కరగవోస్తే సస్తదా? ఇంకోటయి పుడ్తది. రోకలయితదో, రైలయితదో." రైలైతే ఎన్ని వేళ్లు కావాలో ఆలోచిస్తే నాకూ కాస్త భయం వేసింది.

అమ్మలేడు, చంపలేడు, అల్లుడికి అప్పజెప్పలేడు. అలా ఉన్న రోజుల్లోనే కట్టె పని పూర్తిగా చచ్చిపోయింది. చుట్టూ కాలనీలు లేస్తున్నాయి, ప్రతి ఇంటికీ ఇనుప గేటు, ఇనుప కిటికీ. నేను ఇనుప యాంగిల్ ముక్కలు చేత్తో రంపం పట్టి కోయలేక నడుం పట్టుకుంటుంటే, కాక అడిగాడు. "గిది ఇనుము కొయ్యదా?"

"కోస్తుంది కాకా. సన్నపళ్ల బ్లేడు వెయ్యాలి. వేగం మాత్రం బాగా తగ్గించాలి. ఈ వేగంతో ఇనుము మీద పెడితే పళ్లు మాడిపోతాయి."

"ఎంత తగ్గియ్యాలె?"

"చక్రం ఎద్దులబండి చక్రంలా తిరగాలి."

"గప్పుడు వేలు తాకితే?"

నేను ఊరుకోవచ్చు. కానీ ఊరుకోవడం నా వల్ల కాదు. "తాకితే వేలు తీసుకుని, టీ తాగి, మళ్లీ పెట్టొచ్చు" అన్నాను. అంత నిజం కాదు. నా జోకుల్ని లోకంలో ఎవరూ నమ్మి ఆచరణలో పెట్టలేదు. ఆయన పెట్టాడు. మర్నాడే గండిమైసమ్మ దగ్గర తుక్కు దుకాణాల్లో పాత లారీ గేర్‌బాక్సు వెతకడానికి బస్సెక్కాడు, అది ఆగాక.

ఆయన అటు వెళ్లగానే శంకరన్న లేచాడు. కాక ముందురోజు సాయంత్రమే తెప్పించిన కొత్త బ్లేడు అక్కడే ఉంది. "నేనొకపారి జూస్త" అన్నాడు. గేర్‌బాక్సు లేకుండా వద్దన్నాను. వినలేదు. ఇన్నాళ్ల కోపమంతా పోసి బ్లేడు ఎక్కించి, పాత వేగంతోనే మిషన్ వదిలి, యాంగిల్ ముక్కను దాని మీదికి నెట్టాడు.

నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా లేచాయి. నిలువునా కిందికి, గుంతలోకి రాలాయి. అరనిమిషంలో బ్లేడు పళ్లన్నీ అరిగి నీలంగా మారాయి. శంకరన్న మిషన్ కట్టేశాడు. గుంతలోకి తొంగిచూశాం. పొట్టు పొట్టులాగే ఉంది. పొగ లేదు, మంట లేదు. "ఏం గాలె" అన్నాడు శంకరన్న. నాకూ అలాగే అనిపించింది.

సాయంత్రం కాక గేర్‌బాక్సుతో ఆటో దిగాడు. నీలమైన బ్లేడు చూశాడు. అది ఎలా నీలమైందని అడగలేదు. అల్లుడి రెండు చేతులూ పట్టుకుని, తిరగేసి, బోర్లించి, బెండకాయలు ఏరినట్టు ఒక్కొక్క వేలూ చూశాడు. శంకరన్న మొహం ఎర్రబడింది. "నేను చిన్నపిలగాన్నా మామా?" అన్నాడు. కాక చివరి వేలు దాకా చూశాకే చేతులు వదిలాడు.

ఆ తర్వాత షెడ్డులో మేం చేసిన పనికి ఇంజనీరింగ్ అని పేరు పెడితే నాన్న మళ్లీ బాధపడతారు. మోటారుకూ మిషన్‌కూ మధ్య లారీ గేర్‌బాక్సు, దానికి అటూ ఇటూ చిన్నా పెద్దా పుల్లీలు, బెల్టులు. ఫస్ట్ గేరులో వేసి వదిలితే చక్రం పెళ్లినడక నడిచింది. కాక దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచి, గేరు లివర్ చూపించాడు. "దీన్ని వెల్డింగ్ కొట్టు."

"కొడితే ఇంక గేరు మారదు కాకా. సన్న పైపులకు సెకండ్ గేరు కావాల్సొస్తుంది."

"అందుకే కొట్టు."

కొట్టాను. తను పోయాక ఎవరైనా టాప్ గేరు వేస్తారేమోనని ఆయన భయం. లివర్‌ను కదిపి, ఊపి, కాలు పెట్టి నెట్టి చూసుకున్నాడు. అప్పుడు నిట్టూర్చాడు. "ఇగ దీనికి పండ్లు లెవ్వు" అన్నాడు.

దసరాకు ఎప్పట్లాగే పూజ. గుమ్మడికాయ, నిమ్మకాయలు, మూలలో పసుపు నీళ్లు. కాక మొదటిసారిగా స్విచ్ అల్లుడి చేత వేయించాడు. బ్లేడు ఒక యాంగిల్ ముక్కను కోయడం మొదలుపెట్టింది. చుట్టూ చేరినవాళ్లు కాసేపు భక్తిగా చూసి, తర్వాత కూర్చుని, తర్వాత పొలాల ధరలు మాట్లాడుకున్నారు. "గిదేంది, కోస్తాందా, కునుకు తీస్తాందా?" అంది చిన్నమ్మ. ముక్క తెగి టంగుమని కిందపడేసరికి శంకరన్న వెనక్కి తిరిగి మామను చూశాడు. పదో తరగతి పాసైనవాడి మొహం అది. కాక ముఖం కూడా ఆ ఒక్కరోజు తేలిగ్గా ఉంది.

పండగ వెళ్లిన కొద్దిరోజులకు షెడ్డులో వాసన మొదలైంది.

మొదట సాంబ్రాణిలాంటి వాసన. చిన్నమ్మ సంతోషించింది, మిషన్ శాంతించిందని. నేను పక్క ప్లాస్టిక్ కంపెనీ వాళ్లు మంచివాళ్లయిపోయి అగరొత్తులు చేస్తున్నారేమో అన్నాను. కాక ముక్కు పైకెత్తి కూర్చున్నాడు.

తర్వాత వాసన మారింది. కొత్త తలుపు దగ్గర నిలబడితే వచ్చే వాసన.

"పిలగా, వస్తాందా?"

"వస్తోంది కాకా. ఎక్కడో చెత్త కాలుస్తున్నారు."

"చెత్త గాదు. టేకు."

"ఈ రోజుల్లో టేకు కాల్చేవాళ్లెవరు?"

"గదే" అన్నాడు. ఆ "గదే" నాకు నచ్చలేదు. నవ్వొచ్చే మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు.

షెడ్డులో తిరిగే నల్లకుక్క ఒకటి గుంత అంచున పడుకోవడం మొదలుపెట్టింది. చలికాలం వస్తోంది కదా, నేల వెచ్చగా ఉన్నట్టుందని అనుకున్నాం. నేల ఎందుకు వెచ్చగా ఉందని ఎవరమూ అనుకోలేదు. ఆ తర్వాత వాసన చేదుగా తిరిగింది. షెడ్డులో దోమలు మాయమైపోయాయి. మిషన్ సంఘసేవలోకి దిగిందని చిన్నమ్మతో అన్నాను. "వేప" అన్నాడు కాక మెల్లగా, ఎవరితోనూ కాదు. ఒకరోజు కుక్క లేచి, రోడ్డు దాటి వెళ్లిపోయింది. మళ్లీ ఇటు రాలేదు.

ఆయనకు అనుమానం వచ్చిందని ఇప్పుడు నాకు తెలుస్తోంది. పొట్టు తవ్వి చూస్తే తేలిపోయేది. కానీ అది తవ్వకూడని మూల. ముట్టకూడని దానికీ, ముట్టక తప్పని దానికీ మధ్య ఆయన ముక్కు ఒక్కటే కాపలా కాసింది.

ఆ మధ్యాహ్నం టీ తాగుతున్నాం. శంకరన్న గ్రీసు డబ్బా పట్టుకుని, కింది చక్రం బేరింగుకు రాయడానికి గుంత వైపు వెళ్లాడు. గ్రీసు రాయాలంటే పొట్టు మీద కాలు పెట్టి దిగాలి, ఎప్పుడూ దిగేదే. కాక గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపాడు.

"తుమ్మ" అన్నాడు.

"ఏంటి కాకా?"

"తుమ్మ కట్టె. మా నాయిన పోయినంక ఈ షెడ్డుల తుమ్మ కోసినోడు లేడు."

గ్లాసు కిందపడింది. ఆయన పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పటికే శంకరన్న ఒక కాలు గుంతలోకి దించాడు. కాక ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్లతో అతని చొక్కా కాలరు పట్టి వెనక్కి గుంజాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. శంకరన్న కాలి చెప్పు జారి పొట్టు మీద పడింది.

చెప్పు ఒక్క క్షణం పొట్టు మీద బుద్ధిగా కూర్చుంది. తర్వాత దాని చుట్టూ పొట్టు గిన్నెలాగా కుంగింది. పెళ్లున విరిగింది. లోపల పొట్టు లేదు. ఎర్రటి గుహ ఉంది. ఆ రోజు రాలిన రవ్వ ఒకటి లోపలికి దిగి, పొర తర్వాత పొర, ఒక్కో ఏటి పొట్టూ తినుకుంటూ, తండ్రి కాలం దాకా వెళ్లింది. పైన మిగిలింది బెత్తెడు మందం పెంకు. ఏటా పోసిన పసుపు నీళ్లకు గట్టిపడిన పెంకు. చెప్పు ముడుచుకుని, భగ్గున వెలిగి, లోపలికి పోయింది.

ముందుగా మాట్లాడింది శంకరన్నే.

"కొత్త చెప్పు మామా. మొన్ననే కొన్న."

కాక లేచి కూర్చుని అతని పాదం ఒళ్లోకి లాక్కున్నాడు. ఈసారి కాలివేళ్లు లెక్కపెట్టాడు.

"ఎన్నిసార్లు లెక్కవెడ్తవు మామా?"

"మీ అమ్మకు నేను జవాబు జెప్పాలె గదా" అన్నాడు కాక. "నీ చేతులు నా చేతుల వెట్టి పోయింది."

శంకరన్న కాలు వెనక్కి తీసుకోలేదు. మేకులు కొట్టిన రోజులన్నీ, వేయనీయని స్విచ్చీ అతని మొహంలో ఒకదాని వెంట ఒకటి దాటిపోవడం చూశాను. నేను వెళ్లి నీళ్ల ట్యాంకర్‌కు ఫోన్ చేశాను. ఎవరో ఒకరు చేయాలి.

ట్యాంకరు నీళ్లు పోస్తే గుంత బుసకొట్టింది. ఆవిరి రేకుల కప్పు నిండి, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. చల్లబడ్డాక కాక పార పట్టుకుని తనే దిగబోయాడు. చిన్నమ్మ అడ్డం వచ్చింది.

"ముట్టొద్దనుకున్నం గదా. మీ నాయిన ఉన్నడు అండ్ల."

"ఉన్నడు గనుకనే అల్లున్ని పిలిచిండు. ఇగ సాలు, జరుగు."

చీకటి పడకముందే అడుగుదాకా తవ్వేశాం. నల్లటి బురద, బొగ్గు, తుప్పు మేకులు. వేళ్లు దొరకలేదు. దొరుకుతాయని నేను అనుకోలేదు, కానీ ప్రతి పార మట్టినీ చూశాను.

కాక ఖాళీ గుంత అంచున కూర్చుని అడిగాడు. "ఏం లేదా?"

"లేదు కాకా."

"సూసినవా?"

"చూశాను."

మిషన్ చివరికి తీసుకున్నది ఒక హవాయి చెప్పు. మిగిలిన చెప్పును కాక తీగతో మిషన్ నెత్తిన కట్టాడు, కొత్త బిల్డింగులకు దిష్టికి కట్టినట్టు. "ఒకటి తిన్నది. రెండోదాని మీద ఆశతోని వడి ఉంటది" అన్నాడు. ఆ తర్వాతి ఏళ్లలో దాని మీద శంకరన్నే పని చేశాడు. ఫస్ట్ గేరులో చక్రం స్విచ్ కట్టేసిన క్షణంలోనే నిలబడిపోయేది. ఎదురుచూడటానికి ఏమీ లేదు. అయినా కాక ప్రతి సాయంత్రం వచ్చి చెయ్యి గాలిలో పెట్టేవాడు. ఆగిందా? ఆగింది. సూసినవా? సూసిన. నేను షామీర్‌పేటకు మారిపోయినా, ఫోన్ చేసినప్పుడల్లా నా కొత్త కటింగ్ మిషన్ గురించి అదే అడిగేవాడు.

నేను వెళ్లేసరికి పాడె సిద్ధంగా ఉంది. షెడ్డు తలుపులు తీసే ఉన్నాయి. మిషన్ మీద చెప్పు అలాగే వేలాడుతోంది, దుమ్ము పట్టి. చిన్నమ్మ నన్ను చూసి, "అన్నం తినేదాంక కూడ ఆగలె బిడ్డా" అంది. పక్కన కూర్చున్నాను.

కొడుకు లేడు కనుక శంకరన్నే నిప్పుకుండ పట్టి ముందు నడిచాడు. సగం దారిలో పాడె దించారు. దింపుడు కళ్లం. పోయినవాళ్లను చెవి దగ్గర పిలుస్తారు, ప్రాణం ఎక్కడైనా కాస్త మిగిలుంటే పలుకుతుందని. శంకరన్న కుండ పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, వంగాడు.

"మామా" అన్నాడు.

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది దూరమయ్యేదాకా ఆగాడు. మళ్లీ పిలవమని పెద్దవాళ్లెవరో వెనక నుంచి చెప్పారు. శంకరన్న తన చెయ్యి కాక ముఖానికి జానెడు పైన గాలిలో పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు.

"ఆగింది మామా" అన్నాడు. "సూసిన."

ఇదేం పిలుపని పక్కాయన నా వైపు చూశాడు. నా దగ్గర ఏదో ఒక మాట ఉండాల్సింది, లేదు. శంకరన్న లేచి, నిప్పుకుండ అందుకున్నాడు. ఉట్టి తాడు చుట్టూ అయిదు వేళ్లూ మూసుకున్నాయి.